కనిపించిన ప్రతి సర్వర్‌నూ చేర్చుకోకండి

సంపాదకులకు నమస్కారం.

క్లౌడ్ డేటా సెంటర్ల గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసంలో ‘కొత్త సర్వర్‌ను ర్యాక్‌లో బిగించి కరెంటు ఇస్తే చాలు, మిగతాదంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది’ అని రాశారు. బేర్ మెటల్ క్లౌడ్‌లో హార్డ్‌వేర్‌ను దానంతటదే గుర్తించే ఏర్పాటు గురించి ఆ మాట. అది సగమే నిజం. ఆ సగాన్ని నమ్ముకుని దిగినవాళ్లకు రెండు రకాల కష్టాలు వస్తాయి. కనిపించాల్సిన సర్వర్ కనిపించకపోవడం ఒకటి, కనిపించకూడనిది వచ్చి జాబితాలో కూర్చోవడం రెండోది. మొదటిదానికి నిద్ర పోతుంది, రెండోదానికి డేటా పోతుంది. వ్యాసంలో రాని మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

వర్చువల్ మెషీన్ కాకుండా సర్వర్ మొత్తాన్నీ ఒకరికే ఇచ్చేది బేర్ మెటల్. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఐరానిక్ అనే భాగానిది. మెటల్‌క్యూబ్డ్ కూడా లోపల ఐరానిక్‌నే వాడుకుంటుంది. కెనానికల్ వాళ్ల మాస్, టింకర్‌బెల్ వంటివీ ఉన్నాయి. పేర్లు ఏవైనా, కనిపెట్టే తీరు దాదాపు ఒకటే. డిస్కు ఖాళీగా ఉన్న సర్వర్ నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూస్తుంది. నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వీసు దానికి ఒక అడ్రస్ ఇచ్చి, బూట్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. డిస్కు అక్కర్లేకుండా నడిచే ఒక చిన్న లైనక్స్, అంటే ర్యామ్‌డిస్క్, మెమరీలోకి దిగుతుంది. అది ప్రాసెసర్, మెమరీ, డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు, బీఎంసీ అనే నియంత్రణ చిప్ అడ్రస్ అన్నీ చూసి, ముందే చెప్పి ఉంచిన యూఆర్‌ఎల్‌కు జేసన్ అనే టెక్స్ట్ రూపంలో పంపుతుంది. అవతలి సర్వీసు ఆ నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రస్‌లను, అంటే ఒక్కో పోర్ట్‌కు ఉండే సొంత నంబర్లను, తన జాబితాలో వెతుకుతుంది. తన దగ్గర లేకపోతే కొత్త నోడ్ (సర్వర్) రికార్డు తెరుస్తుంది.

ఈ చివరి మెట్టు మనం అడిగితేనే జరుగుతుంది. ఐరానిక్ పాత ఏర్పాటులో ఈ సమాచారం అందుకునే ఇన్‌స్పెక్టర్ విడి సర్వీసుగా ఉండేది. దాని సెట్టింగుల్లో ‘నోడ్ నాట్ ఫౌండ్ హుక్’ ఎదురుగా ‘ఎన్‌రోల్’ (చేర్చుకో) అని రాయాల్సి ఉండేది. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ ఐరానిక్‌లోనే కలిసిపోయింది. అందులో ‘ఆటో డిస్కవరీ’ విభాగాన్ని ఆన్ చేసి, కొత్త నోడ్‌కు ఏ డ్రైవర్ పెట్టాలో చెప్పాలి. ఐరానిక్ స్వయంగా బూట్ చేయించని సర్వర్‌నూ ఒప్పుకోవాలి కాబట్టి ‘రిక్వైర్ మేనేజ్డ్ బూట్’ను ఆఫ్‌లో ఉంచాలి. ఇది మరిచిపోయినవాళ్లే ఎక్కువ. సెట్టింగుల పని ఇక్కడికి అయిపోయింది; మిగతా తలనొప్పంతా తీగల్లో, స్విచ్‌లలో, ఫర్మ్‌వేర్‌లో (హార్డ్‌వేర్‌లోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది.

స్విచ్ దగ్గర మొదలుపెడదాం. సర్వర్ లింక్ లేవగానే పోర్ట్ పనిచేస్తుందనుకుంటాం. నెట్‌వర్క్‌లో చుట్లు పడకుండా చూసే మామూలు స్పానింగ్ ట్రీలో పోర్ట్ 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే ట్రాఫిక్ వదులుతుంది. ఆ 30 సెకన్లలో ఫర్మ్‌వేర్ డీహెచ్‌సీపీ అడిగి అడిగి విసిగి తర్వాతి బూట్ పరికరానికి వెళ్లిపోతుంది. సర్వర్ వైపు పోర్ట్‌లన్నిటికీ ఎడ్జ్ మోడ్, అంటే పోర్ట్‌ఫాస్ట్, పెట్టాలి. దీనికంటే మొండిది ఎల్‌ఏసీపీ. రెండు తీగలను కలిపి బాండ్‌గా వాడబోతున్నాం కదా అని స్విచ్ మీద ముందే ఆ పోర్ట్‌లను ఎల్‌ఏసీపీలో పెడతారు. బూట్ దశలో ఉన్న సర్వర్ ఫర్మ్‌వేర్‌కు సాధారణంగా ఎల్‌ఏసీపీ రాదు. అవతల నుంచి పలుకు లేకపోయేసరికి కొన్ని స్విచ్‌లు ఆ పోర్ట్‌ను సస్పెండ్ చేసేస్తాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఒక్క ప్యాకెట్ కూడా పోదు. స్విచ్‌లో ఎల్‌ఏసీపీ ఫాల్‌బ్యాక్ ఆన్ చేయడమో, ‘సస్పెండ్ ఇండివిడ్యువల్’ను తీసేయడమో దీనికి మందు.

డిస్కవరీకి, అంటే ఈ కనిపెట్టే పనికి, విడిగా ఒక వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద వేరుచేసిన నెట్‌వర్క్) ఉండాలి. అందులో ఒకే ఒక్క డీహెచ్‌సీపీ సర్వర్ ఉండాలి. రెండుంటే ఏది ముందు పలికితే సర్వర్ దాని వెంట పోతుంది. ఈ రోజు పనిచేసింది రేపు పనిచేయదు, కారణం అంతుపట్టదు.

డీహెచ్‌సీపీలో ఒక్క బూట్ ఫైలు పేరు రాసి ఊరుకుంటే కుదరదు. సర్వర్ తన అభ్యర్థనలో ఆప్షన్ 93 ద్వారా తన రకం చెబుతుంది: 0 అంటే పాత బయాస్ ఫర్మ్‌వేర్, 7 అంటే దాని స్థానంలో వచ్చిన 64 బిట్ల యూఈఎఫ్‌ఐ, 11 అంటే 64 బిట్ల ఆర్మ్ యూఈఎఫ్‌ఐ. కొన్ని యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌లు 9 అని కూడా పంపుతాయి. ఒక్కో రకానికి ఒక్కో ఫైలు ఇవ్వాలి. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అంకెకు ఒక ట్యాగ్, ఒక్కో ట్యాగ్‌కు ఒక బూట్ వాక్యం రాస్తే సరిపోతుంది. ఇక్కడే అందరూ పడే గుంట ఒకటుంది. ఫర్మ్‌వేర్ మొదట ఐపీఎక్స్‌ఈ అనే చిన్న నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్‌ను తెచ్చుకుంటుంది. ఐపీఎక్స్‌ఈ లేచి మళ్లీ డీహెచ్‌సీపీ అడుగుతుంది. అప్పుడూ పాత జవాబే ఇస్తే అది తననే తాను మళ్లీ దింపుకుంటుంది, అలా తెల్లవార్లూ తిరుగుతుంది. తెరమీద అదే బ్యానర్ మళ్లీ మళ్లీ వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. ఐపీఎక్స్‌ఈ ఆప్షన్ 77లో తన పేరు పంపుతుంది. ఆ పేరున్న అభ్యర్థనకు బూట్ ఫైలు కాకుండా స్క్రిప్ట్ యూఆర్‌ఎల్ ఇవ్వాలి.

అడ్రస్‌ల లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఫర్మ్‌వేర్, ఐపీఎక్స్‌ఈ, ర్యామ్‌డిస్క్‌లోని లైనక్స్ మూడూ ఒకే కార్డు మీద నుంచి అడిగినా, ఒక్కొక్కటి ఒక్కో క్లయింట్ ఐడీతో అడగవచ్చు. డీహెచ్‌సీపీ వాటిని ముగ్గురు మనుషులనుకుంటుంది. ర్యాక్‌లో 40 సర్వర్లు, ఒక్కోదానికి 2 పోర్ట్‌లు, పోర్ట్‌కు 3 అడ్రస్‌లు: గరిష్ఠంగా 240. ఒక స్లాష్ 24 నెట్‌వర్క్‌లో వాడుకోదగినవి 254 మాత్రమే. అందులోంచి గేట్‌వేకు, మన సర్వీసులకు తీసేస్తే మిగిలేది అంచుల మీదే. లీజును, అంటే అడ్రస్ గడువును, 10 నిమిషాలకు కుదించండి. డీఎన్‌ఎస్‌మాస్క్ అయితే క్లయింట్ ఐడీని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది, అది వాడండి. పూల్ నిండిపోతే చివర్లో ఆన్ చేసిన సర్వర్లే కనిపించవు. చూసేవాళ్లు పాపం ఆ సర్వర్లనే తిడతారు.

ర్యామ్‌డిస్క్‌ను టీఎఫ్‌టీపీ అనే పాత ఫైలు బదిలీ పద్ధతి మీద పంపకండి. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందినట్టు కబురు వచ్చాకే ఇంకో ముక్క పంపుతుంది. 400 ఎంబీ ఫైలుకు 8 లక్షల పైచిలుకు ముక్కలు. పోయి రావడానికి 1 మిల్లీసెకను పట్టినా దాదాపు 14 నిమిషాలు, అదీ ఒక్క ముక్క కూడా పోకపోతే. టీఎఫ్‌టీపీతో ఐపీఎక్స్‌ఈ వరకే రానిచ్చి, కర్నెల్‌నూ ర్యామ్‌డిస్క్‌నూ హెచ్‌టీటీపీ మీద ఇవ్వాలి. డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న సర్వర్ సొంతంగా కంపైల్ చేసుకున్న, సంతకం లేని ఐపీఎక్స్‌ఈని ఒప్పుకోదు. అక్కడ సంతకం ఉన్న షిమ్, గ్రబ్ అనే బూట్ లోడర్ల దారి పట్టాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ సమయం తినే సంగతి. కర్నెల్, ర్యామ్‌డిస్క్ రెండూ దిగినట్టు వెబ్ సర్వర్ లాగ్ చెబుతుంది. తర్వాత నిశ్శబ్దం. కొత్త నోడ్ రాదు, ఎర్రర్ రాదు. చాలావరకు కారణం ఇది: బూట్ దశలో కార్డును నడిపింది ఫర్మ్‌వేర్ సొంత డ్రైవర్. లైనక్స్ లేచాక కార్డును అది తన డ్రైవర్‌తో మళ్లీ పట్టుకోవాలి. ఆ డ్రైవర్ ర్యామ్‌డిస్క్‌లో లేకపోతే, లేదా డ్రైవర్ ఉండి దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే, ఇప్పుడే 400 ఎంబీ తెచ్చిన కార్డే కనిపించకుండా పోతుంది. ర్యామ్‌డిస్క్‌ను చిన్నగా చేయాలన్న ఆత్రంలో ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు తీసేసినప్పుడు ఇదే జరుగుతుంది. దీన్ని పట్టుకోవాలంటే సీరియల్ కన్సోల్, అంటే బూట్ సందేశాలు చూపే టెక్స్ట్ తెర, కావాలి. కర్నెల్‌కు ఇచ్చే ఆదేశ వాక్యంలో సీరియల్ పోర్ట్‌నూ 115200 వేగాన్నీ రాసి, లైనక్స్ లాగ్ అయిన జర్నల్‌ను కన్సోల్‌కు మళ్లించి, బీఎంసీ ద్వారా చూడాలి. పోర్ట్ 0 అవుతుందో 1 అవుతుందో బోర్డును బట్టి మారుతుంది, రెండూ రాసేయండి.

నిశ్శబ్దానికి ఇంకో కారణం గడియారం. కొత్త బోర్డులోనో, సెల్ అయిపోయిన పాత బోర్డులోనో తేదీ ఏళ్ల వెనక్కి ఉంటుంది. సమాచారం పంపాల్సిన యూఆర్‌ఎల్ హెచ్‌టీటీపీఎస్ అయితే, సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదని ర్యామ్‌డిస్క్ వెనక్కి తగ్గుతుంది. చాలామంది అప్పుడు సర్టిఫికెట్ తనిఖీనే ఆపేస్తారు. వద్దు. ర్యామ్‌డిస్క్‌లో నడిచే ఐరానిక్ ఏజెంట్‌కు కర్నెల్ వాక్యంలోనే సమయం సరిచేసే ఎన్‌టీపీ సర్వర్ పేరు ఇవ్వవచ్చు.

తర్వాత బీఎంసీ. సర్వర్ ఆగిపోయినా మెలకువగా ఉండి, కరెంటు ఆన్ ఆఫ్ చేయించే చిన్న కంప్యూటర్ అది. డిస్కవరీలో సర్వర్ కనిపించినా బీఎంసీ అడ్రస్, పాస్‌వర్డ్ తెలియకపోతే ఆ నోడ్ ‘ఎన్‌రోల్’ అనే మొదటి స్థితి దాటదు. అడ్రస్ తెలుసుకోవడానికి ర్యామ్‌డిస్క్‌లో ఐపీఎంఐ టూల్ (బీఎంసీతో మాట్లాడే పనిముట్టు), దానికి కావలసిన రెండు కర్నెల్ మాడ్యూళ్లు ఉండాలి. అడ్రస్ 0.0.0.0 అని వస్తే బీఎంసీ పోర్ట్‌కు తీగ లేదనో, డీహెచ్‌సీపీ అందలేదనో అర్థం. ఇంకో చిక్కు ఉంది: చాలా బోర్డుల్లో బీఎంసీ ఫెయిలోవర్ మోడ్‌లో వస్తుంది. దాని సొంత పోర్ట్‌లో తీగ లేకపోతే సర్వర్ మొదటి నెట్‌వర్క్ పోర్ట్‌నే పంచుకుని, డిస్కవరీ వీల్యాన్ నుంచి అడ్రస్ తీసుకుంటుంది. లీజుల పట్టికలో సర్వర్‌కు రావాల్సిన వాటికంటే ఒక మ్యాక్ ఎక్కువ కనిపిస్తే ఇదే సంగతి. బీఎంసీని డెడికేటెడ్ మోడ్‌కు మార్చండి.

పాస్‌వర్డ్‌ల సంగతి 2020 నుంచి మారింది. అంతకుముందు ఒక కంపెనీ సర్వర్లన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉండటం మామూలు. ఇన్‌స్పెక్షన్ రూల్‌లో (కొత్తగా వచ్చిన నోడ్‌కు ఐరానిక్ వర్తింపజేసే నియమంలో) దాన్ని ఒక్కసారి రాస్తే పనైపోయేది. ఆ ఏడాది జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం నెట్‌వర్క్ పరికరాలకు ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ కావాలంది, లేదంటే మొదటిసారి వాడే ముందే మార్పించాలంది. ఇప్పుడు సర్వర్‌తోపాటు చిన్న స్టిక్కర్ వస్తుంది. 40 స్టిక్కర్లను టార్చ్‌లైటు పట్టుకుని చదివే పని పెట్టుకోకండి. కొనుగోలు ఆర్డర్‌లోనే సీరియల్ నంబరు, బీఎంసీ మ్యాక్, పాస్‌వర్డ్ మూడూ ఉన్న ఫైలు ఇవ్వాలని రాయించండి. మాస్ ఇంకో దారి పడుతుంది: సర్వర్ లోపలి నుంచే బీఎంసీతో మాట్లాడి తనకో యూజర్‌ను సృష్టించుకుంటుంది. లోపలి నుంచి అయితే పాత పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆ దారి మూసిపెట్టని సర్వర్లలో. మీరే అలా చేసుకునేటప్పుడు ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డ్ 20 బైట్లకు మించదని గుర్తుంచుకోవాలి. బీఎంసీకి ఐపీఎంఐ కంటే కొత్తదైన రెడ్‌ఫిష్ వచ్చి ఉంటే డ్రైవర్‌గా అదే పెట్టండి. ఐపీఎంఐ 2.0 లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను అవతలివాడి చేతిలో పెడుతుంది. అది స్పెసిఫికేషన్‌లోనే ఉన్న లోపం, అప్‌డేట్‌తో పోయేది కాదు.

ఇప్పుడు గుర్తింపు. ఏ సర్వర్ ఏదో దేన్నిబట్టి చెబుతాం? బోర్డులో రాసి ఉండే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యను నమ్ముదామంటే, కొన్ని బోర్డులు ఫ్యాక్టరీలో దాన్ని రాయకుండానే వస్తాయి. 03000200-0400-0500-0006-000700080009 అనే అంకె మీ జాబితాలో కనిపిస్తే అది సర్వర్ గుర్తింపు కాదు, ఎవరూ నింపని ఖాళీ గడి. అలాంటివి రెండు వస్తే రెండోది మొదటిదాని రికార్డును చెరిపి రాస్తుంది. సీరియల్ నంబరు గడిలో ‘తయారీదారు నింపాలి’ అన్న ఇంగ్లిష్ వాక్యం కూడా అలాంటిదే. ఒకే పెట్టెలో 4 సర్వర్లు ఉండే రకంలో ఛాసిస్ (పెట్టె) సీరియల్ నాలుగింటికీ ఒకటే, బోర్డు సీరియల్ తీసుకోవాలి. ఇంకో కొసరు: యూయూఐడీ మొదటి మూడు భాగాల బైట్లను తిరగేసి చదవాలని ఎస్‌ఎంబయాస్ 2.6 ప్రమాణం చెప్పింది. కొన్ని పనిముట్లు తిరగేస్తాయి, కొన్ని తిరగేయవు. ఒకే సర్వర్ రెండు పేర్లతో కనిపిస్తే భయపడకండి. బీఎంసీ మ్యాక్‌నూ బోర్డు సీరియల్‌నూ కలిపి తాళంచెవిగా వాడటమే మా దృష్టిలో మేలు.

డిస్కవరీ చెప్పేది ‘ఇప్పుడు ఏముంది’ అని మాత్రమే. ‘ఏముండాలి’ అన్నది దానికి తెలియదు. 32 జీబీ మెమరీ కర్రలు 16 కొన్నారు, మొత్తం 512 జీబీ. రవాణాలో ఒకటి వదులైతే సర్వర్ 480తో హాయిగా బూట్ అవుతుంది. డిస్కవరీ 480 అని నమోదు చేస్తుంది, ఎక్కడా ఎర్ర అక్షరం కనిపించదు. 16 లేన్ల (డేటా దారుల) స్లాట్‌లోని కార్డు 8 లేన్లకే ఒప్పుకుని నడుస్తున్నా అంతే. అందుకే కొనుగోలు ఆర్డర్‌లోని లెక్కను ఒక ఫైలుగా పెట్టి, వచ్చిన ఇన్వెంటరీని దాంతో పోల్చే మెట్టు తప్పనిసరి. తేడా ఉంటే నోడ్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టాలి. డిస్కులను కలిపి వాడించే రెయిడ్ కార్డున్న సర్వర్‌లో వర్చువల్ డిస్కు తయారుచేయకముందు డిస్కులే కనిపించకపోవచ్చు. అది లోపం కాదు. ఏ డిస్కు మీద ఓఎస్ వేయాలో చెప్పకపోతే ఐరానిక్ 4 జీబీ కంటే పెద్దవాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచుకుంటుంది. డిస్కుల పేర్లు బూట్‌కు బూట్‌కు మారతాయి కాబట్టి సూచన ఇచ్చేటప్పుడు డిస్కు సీరియల్‌నో, డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే మారని గుర్తింపునో ఇవ్వాలి.

సర్వర్ ర్యాక్‌లో ఎక్కడుందో తెలియడానికి ఎల్‌ఎల్‌డీపీ అనే ప్రోటోకాల్ అక్కరకొస్తుంది. స్విచ్ తన పేరు, పోర్ట్ నంబరు మామూలుగా 30 సెకన్లకోసారి చాటుతుంది. ర్యామ్‌డిస్క్ కనీసం 60 సెకన్లు వినేలా పెట్టండి, లేకపోతే ఒక చాటింపు చేజారితే అంతే సంగతులు. 10వ అరలోని సర్వర్‌ను 10వ పోర్ట్‌కే కలపాలన్న నియమం పెట్టుకుంటే, అడ్డదిడ్డంగా పెట్టిన తీగ ఇక్కడే బయటపడుతుంది. ఇంటెల్ ఎక్స్710 కార్డుల్లో మాత్రం కార్డు ఫర్మ్‌వేరే ఎల్‌ఎల్‌డీపీ ప్యాకెట్లను మింగేస్తుంది, లైనక్స్‌కు ఏమీ చేరదు. లైనక్స్‌లోని ఈథ్‌టూల్ ఆదేశంతో ఆ ఫర్మ్‌వేర్ ఏజెంట్‌ను ఆపాలి.

ఇక మా అసలు అభ్యంతరం. కనిపెట్టడం యంత్రానికి వదిలేయండి, చేర్చుకోవడం మాత్రం వదలకండి. డిస్కవరీ యూఆర్‌ఎల్‌కు సమాచారం పంపేవాడెవడో రుజువు చేసుకునే దారి లేదు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ‘నేను కొత్త సర్వర్‌ను, నా బీఎంసీ ఫలానా అడ్రస్‌లో ఉంది’ అనవచ్చు. మీ రూల్ ఆ అడ్రస్‌కు మీ బీఎంసీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతచేసి, కరెంటు స్థితి అడగడానికి ఐరానిక్‌ను అక్కడికే పంపుతుంది. అంటే తాళంచెవిని అడిగినవాడి చేతికే ఇచ్చినట్టు. బీఎంసీ అడ్రస్ మీ మేనేజ్‌మెంట్ సబ్‌నెట్‌లో ఉండాలి, మ్యాక్ అమ్మకందారు ఫైలులో ఉండాలి. రెండూ కుదిరితేనే పాస్‌వర్డ్ జతచేసేలా రూల్ రాయండి. నెట్‌వర్క్ బూట్ కూడా గట్టి కోట ఏమీ కాదు. 2024 జనవరిలో పిక్సీఫెయిల్ పేరుతో బయటపడిన 9 లోపాలు చాలా సర్వర్లకు మూలమైన ఈడీకే 2 ఫర్మ్‌వేర్‌లో, అదీ ఎక్కువగా ఐపీవీ6 నెట్‌వర్క్ కోడ్‌లో ఉన్నవే. ఐపీవీ6 వాడకపోతే బూట్ వరసలో దాన్ని ఆపేయండి, కొంత సమయం మిగులుతుంది కూడా.

రెండో ప్రమాదం ఇంకా మొరటుది. ఐరానిక్‌లో నోడ్‌ను ‘మేనేజబుల్’ (నియంత్రణలో ఉన్న) స్థితి నుంచి ‘అవైలబుల్’ (వాడకానికి సిద్ధం) స్థితికి తేవాలంటే మధ్యలో క్లీనింగ్ ఉంటుంది. మామూలు సెట్టింగుల్లో అది డిస్కులను తుడుస్తుంది. నెట్‌వర్క్ బూట్ ముందు, డిస్కు తర్వాత అన్న వరసలో ఉన్న పాత సర్వర్ ఒకటి అదే వీల్యాన్‌లో ఉందనుకోండి. ఒక రీబూట్ తర్వాత అది తన ఓఎస్‌లోకి కాకుండా డిస్కవరీలోకి వస్తుంది. సేవ ఆగింది, అది ఒక నష్టం. ఎన్‌రోల్ నుంచి అవైలబుల్ దాకా అన్నీ స్క్రిప్ట్ చేసి పెట్టినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. కాబట్టి స్క్రిప్ట్ ‘మేనేజబుల్’ దగ్గర ఆగాలి. అప్పటికే డిస్కు మీద పార్టిషన్లు కనిపిస్తే నోడ్‌కు ఒక గుర్తు పెట్టాలి. ఆ తర్వాతి ‘ప్రొవైడ్’ ఆదేశాన్ని ఆర్డర్ ఫైలు పక్కన పెట్టుకున్న మనిషి ఇవ్వాలి. 40 సర్వర్లకు అది పావుగంట పని.

మొదటిసారి ర్యాక్ మొత్తం ఒకేసారి ఆన్ చేయకండి. ఒక్క సర్వర్‌ను కన్సోల్ ఎదురుగా పెట్టుకుని చివరిదాకా తీసుకెళ్లి, ఆ ఇన్వెంటరీని కళ్లతో చదివి, తర్వాత 8 చొప్పున వదలండి. చివరి విడత మేనేజబుల్‌కు చేరాక డిస్కవరీ డీహెచ్‌సీపీని ఆపేయండి. ఐపీఎక్స్‌ఈ స్క్రిప్ట్‌లో తెలియని మ్యాక్‌కు జవాబుగా ‘స్థానిక డిస్కుకు వెళ్లు’ అన్న వాక్యం పెట్టి ఉంచండి. కొత్త ర్యాక్ వచ్చిన రోజున మళ్లీ తీయవచ్చు.

ఇట్లు,
బేర్ మెటల్ సర్వర్ల నిర్వహణలో పనిచేస్తున్న ఇంజనీర్లు